ఉప్పు మాస్టారు

మొన్న గుడివాడలో మా మేనకోడలి పెళ్ళి. మాంగల్యధారణ అయింది, బాజాలు మోగుతున్నాయి, జనమంతా లేచి అక్షింతలు వేస్తున్నారు. నేను మాత్రం కుర్చీల వరస చివర నిలబడి, ఫంక్షన్ హాలు పిల్లరుకి చెవి ఆనించి, వేలి కణుపుతో టకటకా కొడుతున్నాను. గుప్పెట్లో అక్షింతలు అలాగే ఉన్నాయి. మా ఆవిడ వచ్చి జబ్బ పట్టుకుని లాగేదాకా నాకు స్పృహే లేదు.

"ఆయన పోయి నెల తిరగలేదు. అప్పుడే మిమ్మల్ని పట్టుకున్నాడా?" అంది.

"డొల్లగా పలుకుతోందే. అడుగున ఓ రెండు జానల మేర..."

"పెళ్ళికొడుకు నాన్నగారు ఇటే చూస్తున్నారు. ముందు అక్షింతలు వెయ్యండి."

వేశాను. వేసి, ఏదో వంక చెప్పి మా వాళ్ళందర్నీ ఆ పిల్లరుకి దూరంగా ఉన్న కుర్చీల్లోకి మార్చాను. సరిగ్గా ఇలాంటి పనే ఆయన ఇదే ఊళ్ళో చేసినప్పుడు నేను సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడు భోజనాల పంక్తిలో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. విస్తట్లో పప్పు వడ్డించారు. ఆయన పైన దూలం వంక చూశారు, మళ్ళీ పప్పు వంక చూశారు, విస్తరి రెండు చేతులా ఎత్తుకుని లేచి వెళ్ళి గుమ్మం దగ్గర కూర్చున్నారు. మగపెళ్ళివారు తమవైపు వచ్చిన మనిషికేదో మర్యాద తక్కువైందనుకున్నారు. ఆడపెళ్ళివారు పరిగెత్తుకొచ్చి క్షమాపణ చెప్పారు. "మీ తప్పేం లేదండీ, మీ దూలానిదే," అన్నారాయన. ఆ గొడవ సర్దేసరికి నా పప్పు చల్లారిపోయింది.

పేరు చెప్పను. చెప్పినా దివిసీమలో ఎవరికీ తెలియదు. నాగాయలంక నుంచి కోడూరు దాకా ఏ మేస్త్రీని అడిగినా ఉప్పు మాస్టారంటేనే తెలుస్తుంది. కొన్నాళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పారు కాబట్టి మాస్టారు. కనిపించిన ఇసకనల్లా నోట్లో వేసుకుంటారు కాబట్టి ఉప్పు. బందరులో ఉండేవారు. సిమెంటు కట్టడం ఎన్నాళ్ళు నిలుస్తుందో, ఎందుకు నిలవదో చెప్పే కన్సల్టెంటు. నేను అవనిగడ్డలో చిన్న కాంట్రాక్టరుని. ఆయన ఉద్యోగం నన్ను పీడించడమేనని చాలాకాలం అనుకున్నాను.

లారీ ఇసక దిగీ దిగకముందే చిటికెడు తీసి నాలిక మీద వేసుకునేవారు. కళ్ళు మూసుకునేవారు. పెళ్ళి వంటవాడు పులుసు రుచి చూసేటంత శ్రద్ధ. తర్వాత పక్కకి తిరిగి ఉమ్మేసి, సంచిలోంచి సీసా తీసి పుక్కిలించి, "వెనక్కి పంపించు" అనేవారు.

"కడిగి వాడుకుంటానండీ."

"మంచినీళ్ళతో కడుగుతావా?"

దివిసీమ చివరికి వెళ్ళేకొద్దీ బోరు వేస్తే పడేది ఉప్పునీరే. మంచినీళ్ళు ట్యాంకరు మీద రావాలి. ఆ ట్యాంకరు రోజుల్లో ఊళ్ళో చుట్టాలొస్తే కూడా మొహాలు మాడిపోతాయి.

ఆయన పాఠం ఒకటే, ఎన్నిసార్లయినా చెప్పేవారు. ఉప్పు కాంక్రీటుని ఏమీ చేయదు, లోపలున్న ఇనప ఊచని తింటుంది. ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది. ఉబ్బి, పైనున్న కాంక్రీటుని పెచ్చులుగా పగలదీస్తుంది. "బయటికి కనపడేసరికి లోపల కథ అయిపోయి ఉంటుందోయ్," అనేవారు. అందుకే ఊచకీ, పోత కోసం చుట్టూ కట్టిన చెక్కకీ మధ్య ఎంత సందు ఉందో వేలు పెట్టి చూసేవారు. వేలు దూరకపోతే, "ఊచకి దుప్పటి చాల్లేదు, చలేస్తుంది" అనేవారు. మా మేస్త్రీ వెంకన్న ఆ వేలుకి భయపడినట్టు పోలీసులకి కూడా భయపడేవాడు కాదు.

వెంకన్నా నేనూ కలిసి ఒకసారి ఆయనకి పరీక్ష పెట్టాం. నిఖార్సైన కృష్ణ ఇసక కుప్ప పోయించి, పైన రెండు గుప్పెళ్ళ ఉప్పు చల్లి, పైపైన కలిపి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాం. ఆయన చిటికెడు వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. మామూలుకన్నా ఎక్కువసేపే మూసుకున్నారు.

"వెంకన్నా, ఇసక మంచిది," అన్నారు. "ఉప్పు మాత్రం కొట్లో ప్యాకెట్టుది. ఇవాళ మీ ఇంట్లో కూరలోకి ఏమైనా మిగిల్చావా?"

వెంకన్న ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఐడియా నాదే మరి.

పామర్రు సెంటర్లో బస్సు మారేటప్పుడు ఆయన ఒకే కొట్టులో టీ తాగేవారు. కొట్టు ముందు సిమెంటు చూరు ఉంటుంది, దాని కింద బల్లలుంటాయి, నీడ ఉంటుంది. ఆయన మాత్రం గ్లాసు పుచ్చుకుని ఎండలోకి వెళ్ళి నిలబడేవారు. రోహిణి కార్తెలోనైనా సరే. కొట్టాయనకి అది పరువు సమస్య అయిపోయింది. ఆయన కనపడగానే, "మాస్టారూ, ఇంకా పడలేదండీ" అని కేకేసేవాడు.

"పడుతుందని నేనన్నానా? నేను నిలబడనన్నాను, అంతే."

ఈ సంభాషణ ఎన్నేళ్ళు నడిచిందో నాకు లెక్క లేదు. ఆ చూరు ఇప్పటికీ అలాగే ఉంది. అది ఒక్కటే ఆయన్ని ఓడించిందని కొట్టాయన అందరికీ చెప్పుకుంటాడు. మొన్న గుడివాడ వెళ్తూ అక్కడ ఆగాను. పోయారని చెబితే గ్లాసు కడుగుతున్నవాడు ఆగిపోయి, పైకి చూసి, "ఇప్పుడు పడినా చూసేవాడు లేడండీ" అన్నాడు. నేను టీ ఎండలోనే తాగాను.

సంచిలో ఆయనకి రెండు మందులుండేవి. ఒకటి గులాబీ మందు. పాత కట్టడం దగ్గర చిన్న పెచ్చు ఊడగొట్టి చల్లితే, కాంక్రీటు ఇంకా ఆరోగ్యంగా ఉన్నచోట గులాబీ రంగు తేలుతుంది. తేలిందంటే ఆయన మొహం కూడా అదే రంగుకి తిరిగేది. తేలకపోతే, ఇంటివాళ్ళకి ధైర్యం చెప్పే పని నా నెత్తిన పెట్టి తను వెళ్ళి బస్టాపులో కూర్చునేవారు. రెండోది ఉప్పుని పట్టిచ్చే మందు. అది చల్లితే ఉప్పు ఉన్నచోట తెల్లగా తేలిపోతుంది. నాలిక ఉండగా మందెందుకండీ అని ఒకసారి అడిగాను. "నాలిక రిపోర్టులో సంతకం పెట్టదు కదా," అన్నారు.

ఆయన నోట 'బాగుంది' అనే మాట విన్న మనిషి ఈ చుట్టుపక్కల లేడు. ఎంత గొప్ప పనికైనా ఆయన సర్టిఫికెట్టు 'పర్లేదు'. అందులోనే రకాలుండేవి. గడ్డం గోక్కుంటూ అంటే మళ్ళీ చెయ్యాలి. సుత్తి సంచిలో పెట్టేస్తూ అంటే పని పాసైనట్టు. ఆయన భార్యని నేను పిన్నిగారనేవాణ్ణి. ఈ సంగతి ఎత్తితే ఆవిడకి ఊపొచ్చేది. "పెళ్ళిచూపులనాడు మా అత్తగారు పిల్ల ఎలా ఉందిరా అని అడిగితే 'పర్లేదు' అన్నారయ్యా. నేను తలుపు పక్కనే ఉన్నాను. సుత్తితో కొట్టి చూడలేదు, సంతోషం," అనేవారు.

ఇక పెరుగన్నం. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆయన ఎక్కడున్నా స్టీలు డబ్బా తెరుచుకునేది. పెరుగన్నం, మాగాయ. అందులో సగం మూత మీదకి తీసి, నావైపు చూడకుండా నా ముందుకి నెట్టేవారు. తింటావా అని అడిగేవారు కాదు. నాకు ఇంటి దగ్గర్నుంచి చేపల పులుసుతో క్యారేజీ వచ్చేది. ఆ మూత చూస్తే నీరసం వచ్చేది. అయినా తినేవాణ్ణి. తినకపోతే ఏమంటారోనని భయం, అంతకన్నా ఏమీ లేదనుకునేవాణ్ణి.

అలా నడుస్తూండగా నాకు మొదటిసారి పెద్ద పని దొరికింది. నాగాయలంక అవతల, చేపలు పట్టే పల్లెకారుల ఊళ్ళో రెండంతస్తుల బడి. పిల్లలకి బడి, గాలివాన హెచ్చరిక వస్తే ఊరందరికీ తలదాచుకునే చోటు. ఆ ప్రాంతంలో దాని అవసరం ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కట్టిస్తున్న దాతలు ఒక షరతు పెట్టారు. బందరు మాస్టారి సంతకం లేనిదే పని ముందుకు సాగకూడదు. నా గుండెల్లో రాయి పడింది గానీ, ఒప్పుకున్నాను.

కింది పిల్లర్లలో మూడు మిగిలాయి, సముద్రం వైపువి. ఆ ఉదయం మిక్సరు వచ్చింది, కూలీలొచ్చారు, సిమెంటు బస్తాలు తెరిచాం. ట్యాంకరు రాలేదు. ముందురోజు వానకి కరకట్ట మీద బురదలో దిగబడిపోయిందని కబురొచ్చింది. పదకొండయింది. పన్నెండయింది. మిక్సరు మర్నాడు ఇంకో ఊరు వెళ్ళిపోవాలి.

"మూడే కదండీ," అన్నాడు వెంకన్న, బోరు వైపు చూస్తూ. "ఎవరికి తెలుస్తుంది?"

నేను అవుననలేదు, కాదనలేదు. అటు తిరిగి ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించాను. నేను మళ్ళీ ఇటు తిరిగేసరికి బోరు నీళ్ళు మిక్సర్లో పడుతున్నాయి.

పది రోజుల తర్వాత ఆయన వచ్చారు. ఆ పది రోజులూ నాకు ఆ మూడు పిల్లర్ల మీదే ధ్యాస. గోనెపట్టాలు రెండేసి వరసలు చుట్టించాను. రోజుకి మూడుసార్లు దగ్గరుండి తడిపించాను. ఆయన మామూలుగా ఒక్కో పిల్లరు దగ్గరా ఆగి, గోనెపట్టా కింద చెయ్యి పెట్టి, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు చూస్తూ వచ్చారు. ఆ మూడింటి దగ్గరికొచ్చి ఆగిపోయారు.

"మిగతావాటి మీద లేని ప్రేమ వీటి మీద ఎందుకోయ్?"

"సముద్రం వైపువి కదండీ, అందుకని..."

"వీటి పోతకి నీళ్ళెక్కడివి?"

"ట్యాంకరువేనండి."

"అలాగా," అన్నారు.

సుత్తి తీసి మూలగా చిన్న పెచ్చు ఊడగొట్టారు. మందు చల్లుతారనుకున్నాను. చల్లలేదు. పెచ్చుని కాగితంలో పొట్లం కట్టి సంచిలో వేసుకున్నారు. పన్నెండున్నరకి బస్తాల మీద కూర్చుని డబ్బా తెరిచారు. నేను అలవాటుగా ఎదురుగా కూర్చున్నాను. డబ్బాలోకి కాసేపు చూశారు. మూత మళ్ళీ పెట్టేశారు. డబ్బా సంచిలో పెట్టుకుని, "ఒంటిగంట బస్సుందిగా" అని లేచి వెళ్ళిపోయారు.

తిడితే బాగుండేది. చెయ్యెత్తినా బాగుండేది. నాకు పెట్టాల్సి వస్తుందని తన తిండి కూడా మానుకుని పోయాడీ మనిషి అని ఒళ్ళు మండిపోయింది. ఎన్నడూ ఇష్టంగా తినని పెరుగన్నమే సాయంత్రం దాకా గుర్తొస్తూంటే, నా క్యారేజీ వెంకన్నకి ఇచ్చేశాను. వెంకన్న నా మొహం చూసి, "మందు చల్లలేదుగా, ఇంకేం భయం?" అన్నాడు. వాణ్ణి కసిరేశాను. ఆయన ఇంటికెళ్ళి చల్లుతారు. తెల్లగా తేలుతుంది. నా పని పోతుంది, ఆ తర్వాత ఈ సీమలో నాకు గోడకి సున్నం వేసే పని కూడా ఎవరూ ఇవ్వరు. చెప్పకుండా ఊరుకుని, ఒకవేళ ఆయన పట్టుకోలేకపోతే అదింకా ఘోరం. ఒక రోజు గాలివాన వస్తుంది, ఊరంతా వచ్చి ఆ మూడు పిల్లర్ల పైన కూర్చుంటుంది.

మర్నాడు పదింటికి బస్సెక్కాను. చల్లపల్లిలో దిగి బందరు బస్సు కోసం నిలబడితే, ముందు అవనిగడ్డ బస్సే వచ్చింది. ఖాళీగా ఉంది. కండక్టరు నా మొహం తెలిసినవాడే, "రండి కాంట్రాక్టరుగారూ, ఇంటికేనా?" అని పిలిచాడు. కాదన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నేను పడిన కష్టం, తర్వాత ఆయన ముందు ఒప్పుకోవడానికి పడలేదు.

వెళ్ళేసరికి ఆయన వసారాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. చెప్పులు విప్పకుండానే చెప్పేశాను. "ఆ మూడూ బోరు నీళ్ళండి. వెంకన్న తప్పేం లేదు. నేను చూసీ చూడనట్టున్నాను. నిన్న మీకు అబద్ధం చెప్పాను."

"కూర్చో," అన్నారు. లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. దాతలకి రాసిన రిపోర్టు. టైపు చేసి, సంతకం పెట్టి ఉంది. మూడు పిల్లర్లకి ఉప్పునీరు వాడిన సంగతి కాంట్రాక్టరు తానుగా వచ్చి తెలియజేశాడనీ, వాటిని తీసేసి తిరిగి పోయాలనీ, మిగతా పనిలో లోపం లేదనీ, అతన్నే కొనసాగించవచ్చనీ ఉంది. కింద ముందురోజు తారీకు వేసి ఉంది.

రెండుసార్లు చదువుకున్నాను. "నిన్న నేను చెప్పలేదు కదండీ."

"చెప్పలేదు."

"ఇవాళ రాకపోయుంటే?"

"మళ్ళీ టైపు చేయించాల్సొచ్చేది. ఆ టైపు ఆవిడ అసలే చిరాకు మనిషి."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన అది చూడలేక పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఈలోగా పిన్నిగారు వచ్చి భోజనానికి లేవమన్నారు. లోపల రెండు కంచాలు పెట్టి ఉన్నాయి. ఇద్దరం తిన్నాం, పిల్లర్ల ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఆ రిపోర్టులో ఆ ఒక్క వాక్యం ఉండబట్టే దాతలు నన్ను పని నుంచి తీసేయలేదు.

పిల్లర్లు పగలగొట్టేటప్పుడు మొదటి దెబ్బ నన్నే వెయ్యమన్నారు. వేశాను. ఊళ్ళోవాళ్ళు చుట్టూ మూగారు. అందరికన్నా ముందు నాంచారమ్మ, ఎండు చేపలు అమ్మే పెద్దామె. ఆ ఊళ్ళో ఆవిడ మాటకి ఎదురుండదు.

"ఏంటి సారూ ఇది? రాయిలాగున్న పిల్లర్లు పగలగొట్టిస్తన్నావు?"

"ఉప్పునీళ్ళతో పోశారమ్మా. నిలవదు."

"ఉప్పు పెడితే నిలవదా?" నాంచారమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "మా తాతల కాడ్నించీ చేపకి ఉప్పు పెట్టే నిలవుంచుతన్నాం. ఏడాదైనా చెక్కుచెదరదు. నీ పిల్లరు చేపకన్నా సుకుమారమా?"

జనం గొల్లుమన్నారు. ఆయన మాట కోసం తడుముకోవడం నేను మొదటిసారి చూశాను. నిజం చెప్పొద్దూ, కాస్త సంతోషం కూడా వేసింది. ఆయన గడ్డం గోక్కున్నారు. అటూ ఇటూ చూశారు. చివరికి ఆవిడ బుట్టలో ఉన్న కత్తిపీట చూపించారు.

"ఇది ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నావమ్మా?"

"నిరుడు కొన్నాను."

"అంతకుముందుది?"

"తుప్పు పట్టి ఊడిపోయింది. ఉప్పు చెయ్యి తగిలితే ఉంటదా మరి? దీనికి రోజూ కడిగి నూనె రాస్తన్నాను."

"చేప నిలవుంటుంది, కత్తి ఊడిపోతుంది. ఈ పిల్లర్లో ఉన్నది చేప కాదు నాంచారమ్మా, ఇనుము. లోపలున్న ఊచకి రోజూ నూనె ఎవరు రాస్తారు?"

నాంచారమ్మ కత్తిపీట వంక చూసింది. పగిలిన పిల్లర్లోంచి బయటికొచ్చిన ఊచల వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. "మా పిల్లకాయలు కూకునే చోట ఈ పని చేశావా బాబూ?" అని మాత్రం అంది. నేను తల దించుకున్నాను.

మళ్ళీ పోసే రోజుకి కూడా ట్యాంకరు వస్తుందని నమ్మకం లేదు. ఈసారి ఆ సంగతి ఆవిడకి నేనే ముందు వెళ్ళి చెప్పాను. ఆవిడ వీధివీధీ తిరిగింది. మర్నాడు పొద్దున్నే బడి ముందు బిందెలు వరసగా ఉన్నాయి. ఇంటికో బిందె, తాగడానికి పట్టుకున్న నీళ్ళు. ఇత్తడివి, స్టీలువి, ప్లాస్టిక్కువి, అన్నీ మూతలు పెట్టి.

ఇంకెవరైనా అయితే దణ్ణం పెట్టేవారు. ఈయన వంగి ఒక్కో బిందెలో వేలు ముంచి నాలిక మీద రాసుకుంటూ వరస మొత్తం నడిచారు. ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. "మా మంచినీళ్ళకే వంక పెడతాడేంటి ఈయన?" అని ఒకామె గట్టిగానే అంది. ఆయన వినిపించుకోలేదు. చివరి నుంచి మూడో బిందె దగ్గర ఆగి, రెండోసారి ముంచి చూసి, దాన్ని పక్కకి తీసి పెట్టారు.

"ఇది చేపల పులుసులోకి పనికొస్తుంది. ఎవరిదమ్మా?"

అది నాంచారమ్మది. ఎండు చేపలు కడిగిన బిందెలోనే నీళ్ళు పట్టుకొచ్చింది. ఊరంతా పగలబడి నవ్వింది. ఆవిడ మొహం ఎర్రగా చేసుకుని బిందె చంకన పెట్టుకుని వెళ్ళింది, ఇంకో బిందె కడిగి మళ్ళీ నీళ్ళు తెచ్చింది, ఆయన ముందు దబ్బున పెట్టింది. "ఇప్పుడు చూడు," అంది. ఆయన చూశారు. "పర్లేదు," అన్నారు. ఆ నీళ్ళతోనే పోశాం.

తర్వాత రెండేళ్ళకి పెద్ద గాలి వచ్చింది. ఊరు ఊరంతా రెండు రోజులు ఆ బళ్ళోనే ఉంది. గాలి తగ్గి బస్సులు తిరగ్గానే ఆయన సంచితో దిగారు. ఇళ్ళ కప్పులు లేచిపోయాయి, చెట్లు పడిపోయాయి, ఆయన మాత్రం సరాసరి బడి దగ్గరికే నడిచారు. సముద్రం వైపు మూడు పిల్లర్లనీ కింద నుంచి పై దాకా సుత్తితో తట్టారు. చెవి ఆనించారు. సుత్తి సంచిలో పెట్టేస్తూ, "పర్లేదు" అన్నారు.

నాంచారమ్మకి మండింది. "చంటిపిల్లల కాడ్నించీ ముసిలాళ్ళ దాకా అందరం బతికి బయటికొచ్చాం దీంట్లోంచి. పర్లేదంట. నీ నోట్లో బాగుందనే మాట పుట్టదా సారూ?"

"బాగుందంటే వీడు నీళ్ళు చూడటం మానేస్తాడమ్మా," అని నన్ను చూపించారు. అప్పుడు పన్నెండున్నర. డబ్బా తెరిచి, సగం మూత మీదకి తీసి నా ముందుకి నెట్టారు.

ఆయన పోయారని ఫోనొచ్చినప్పుడు నేను స్లాబు మీదున్నాను. పోత సగంలో ఉంది. మధ్యలో ఆపితే అక్కడ అతుకు పడుతుంది, నీరు దిగుతుంది. ఆపి వెళ్తే ఆయనే లేచి కూర్చుని తిడతారని సమాధానం చెప్పుకున్నాను గానీ, ఆ పోత అయ్యేదాకా నాకు ఏం చేస్తున్నానో తెలియలేదు. స్లాబు ముగించేసరికి అక్కడ అన్నీ అయిపోయాయి. పెద్దకర్మకి కూడా జ్వరమొచ్చి వెళ్ళలేకపోయాను. పిన్నిగారికి మొహం చూపించడానికి భయపడి రోజులు జరుపుతూ వచ్చాను. మొన్న పెళ్ళి కాగానే మా ఆవిడ, "గుడివాడ నుంచి బందరు ఎంత దూరం? ఆ పిల్లర్లు కొట్టుకుంటూ కూర్చునే బదులు వెళ్ళి పలకరించి రండి," అని బస్సెక్కించింది.

పిన్నిగారు చిక్కిపోయారు. నేను రాలేకపోయిన కారణం చెప్పాను. "స్లాబు ఆపలేదుగా?" అని అడిగారు. లేదన్నాను. "మంచిపని చేశావు. ఆపుంటే నాకు ఆయనతో ఇంకో గొడవ," అన్నారు. వసారాలో ఆయన సంచి మేకుకి అలాగే వేలాడుతోంది.

మధ్యాహ్నమైంది. లోపలికి వెళ్ళి ఆ స్టీలు డబ్బా తెచ్చారు. పెరుగన్నం, మాగాయ. మూత తీసి సగం దాని మీద పెట్టి నావైపు నెట్టారు.

"ఇందులో ఎప్పుడూ ఇద్దరికి సరిపడా పెట్టేదాన్నయ్యా. 'నాతో రెండో మనిషి ఉన్నాడు' అనేవారు. ఒక్కసారి మాత్రం డబ్బా నిండుగా వెనక్కి తెచ్చారు. ఏమైందండీ అంటే, 'రెండో మనిషి రాలేదు' అన్నారు. పాపం సైటుకే రాలేదా అన్నాను. 'సైటుకి వచ్చాడు' అన్నారు. నాకేం అర్థం కాలేదు. రాత్రి కూడా ముద్ద ముట్టలేదు. 'రేపు మధ్యాహ్నం అతను వస్తాడు, రెండు కంచాలు పెట్టు, అప్పుడు తింటాను' అన్నారు."

ఆవిడ మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపారు.

"ఇంతకీ ఆ మూడు పిల్లర్లూ ఎలా ఉన్నాయి?" అని అడిగారు.

"పర్లేదండి," అన్నాను.

"బాగున్నాయని అనకూడదుటయ్యా?"

"అనచ్చండి. ఆయన వింటారేమోనని."

పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సంచి వైపు తిరిగారు. నేను తల వంచుకుని మూత మీద అన్నం మెతుకు మిగల్చకుండా తిన్నాను. మాగాయలో ఉప్పు కాస్త ఎక్కువైంది. ఆ సంగతి చెప్పాల్సిన మనిషి ఇంట్లో లేరు.